పల్లె వృద్ధులు - ఊరి బాధ్యత

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో వేలకొలది యిండ్లయందు వినబడు భాష తెలుగు. కచేరీలలో చెల్లు భాష కన్నడము. ఈ సీమకు జీవనది లేదు. చెరువులను, గొట్టపుబావులను నమ్మిన సేద్యము చాలక యువకులు పనులకై బెంగుళూరు పోవుచున్నారు. ఇంటికడ మిగులుచున్నవారు ముసలివారు. వీరి నాదుకొనుట యెట్లు?

శాసనములు లేవనుటకు వీలులేదు. కర్ణాటక ప్రభుత్వము 65 ఏండ్లు నిండిన చిన్నరైతులకు, కూలీలకు 2007లో సంధ్యా సురక్ష పింఛను నేర్పరచినది. ఆ యేడే పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ శాసనమును చేసినది. తమ్ము తాము పోషించుకొనజాలని తల్లిదండ్రులు దానినిబట్టి బిడ్డలనుండి మనోవర్తి కోరవచ్చును. నోటీసు అందిన 90 దినములలో ట్రిబ్యునలు సాధారణముగా తీర్పు చెప్పవలెను.

కాని, నడుము వంగిన ముసలమ్మ కచేరి మెట్లెక్కి, తనకు చదువరాని భాషలో, కన్నబిడ్డపై అర్జీ పెట్టునా? బిడ్డపై మమకార మొకవైపు, ఊరివారేమందురో యను సిగ్గొకవైపు ఆమె నోరు కట్టివేయును. శాసనకర్తలు దీని నెఱుగక పోలేదు. అశక్తుల యనుమతిపై మఱియొక వ్యక్తిగాని సంఘముగాని అర్జీ పెట్టవచ్చునని 5వ సెక్షను చెప్పుచున్నది. భాషయు అడ్డుగాదు. రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషలోనైనను తమ కష్టమును అధికారులకు విన్నవించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రజలకిచ్చినది. బాగేపల్లి తెలుగు అట్టి భాష కాదని యెవరనగలరు? అయితే, బదులు కూడ ఆ భాషలోనే రావలెనని అందులేదు. కావున కన్నడము చదువనేర్చిన యువకుడొకడు ప్రతి యూరను వృద్ధులకు తోడుండవలెను.

మఱియొక హెచ్చరిక. పొలమును బిడ్డలకు దానపత్రముగా వ్రాసియిచ్చువారు నోటిమాట నమ్మరాదు. తమ పోషణ షరతును పత్రములోనే స్పష్టముగా వ్రాయించుకొనవలెను. అట్టి షరతు తప్పినచో 23వ సెక్షను క్రింద ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును.

మేము కోరునది భవనములు కావు. ఒంటరి వృద్ధుల పట్టీని ప్రతి గ్రామపంచాయతీయు వ్రాసియుంచవలెను. పింఛను అందినదా, మందు దొరికినదా యని వారమున కొకమారు గడపకు వచ్చి విచారించు మనుష్యుడుండవలెను. రచ్చకట్టపై కూర్చుండి ఒకనాడు ఊరి తగవులు తీర్చిన పెద్దలు వీరు. వీరి తగవు తీర్చుట నేడు ఊరివంతు.