తేలియాడు కప్పు: ముడి చమురును నిలువచేయు విధము

పెదకాకానివద్ద పెద్దబాటపై మిరప టిక్కీలను గుంటూరు యార్డునకు, పత్తి బోరెములను మిల్లులకు చేర్చు లారీలు పగలనక రాత్రియనక సాగిపోవుచుండును. వాటిని నడపు డీజిలు ఎట్లు పుట్టి ఎట్లు వచ్చుచున్నదో మనము సాధారణముగా ఆలోచింపము. విశాఖపట్నములో శుద్ధియైన ఇంధనము, విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు భూమిలో వేసిన గొట్టము వెంట ప్రవహించుచున్నది. అయితే శుద్ధికి పూర్వము ఓడలలో వచ్చిన ముడి చమురును ఎక్కడ ఉంచుదురు? ఆ చమురు ఆవిరియై పోకుండ, అంటుకొని ఊరిని దహింపకుండ ఎట్లు కాపాడుదురు? ఈ విషయమును మేము ఇచట వివరింపదలచితిమి.

విశాఖపట్నపు శుద్ధికర్మాగారమును 1957లో కాల్టెక్సు సంస్థవారు ప్రారంభించిరి. ఆనాడు దాని శక్తి సంవత్సరమునకు ఏడు లక్షల టన్నులకు లోపే. 1976లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొన్నది. 1978లో అది హిందూస్థాన్ పెట్రోలియంలో చేరినది. ఇప్పుడు దాని శక్తిని ఒక కోటి యేబది లక్షల టన్నులకు పెంచినారు. ఓడ వచ్చినప్పుడు చమురు ఒక్కసారిగా దిగును. కర్మాగారము దానిని దినదినము కొంచెముగా వాడుకొనును. కనుక నడుమ నిలువ తప్పదు.

ముడి చమురు ఒకే పదార్థము కాదు. తారువంటి బరువైన భాగములును, పెట్రోలువంటి తేలికైన భాగములును అందు కలిసియుండును. తేలిక భాగములు సులభముగా ఆవిరియగును. 60 మీటర్ల వ్యాసము, 14 మీటర్ల ఎత్తుగల ఒక ట్యాంకును తలచుకొనుడు. అందు సుమారు 40 వేల ఘనపు మీటర్ల చమురు పట్టును. దానికి కదలని కప్పు వేసి, సగము వరకు చమురు నింపినచో, పైన 20 వేల ఘనపు మీటర్ల చోటు గాలితోను ఆవిరితోను నిండియుండును. పగటి ఎండకు ఆ వాయువు 15 డిగ్రీలు వేడెక్కినచో నూటికి అయిదు వంతులు వ్యాకోచించును. అనగా వేయి ఘనపు మీటర్ల వాయువు కప్పునందలి రంధ్రముల గుండ వెలికి పోవును. రాత్రి చల్లబడగానే కొత్త గాలి లోనికి వచ్చును. మరునాడు మరల అదే కథ. ట్యాంకు ఈ విధముగా ఊపిరి పీల్చి విడచుచుండును. పోవునది విలువగల భాగము. మిగులునది గాలితో కలిసి మండుటకు సిద్ధముగా నున్న ఆవిరి.

మన గృహిణులకు ఈ చిక్కునకు పరిష్కారము కొంతవరకు తెలిసినదే. ఊరగాయ జాడీలో ముక్కలపై నూనె తేలునట్లు పోయుదురు. ముక్కకును గాలికిని నడుమ సందు లేకుండ చేయుటయే అందలి రహస్యము. ట్యాంకు విషయములోను ఇంజనీర్లు ఇట్లే చేసిరి. కప్పును గోడపై నిలుపక, చమురుపైననే తేలనిచ్చిరి. చమురు పెరిగిన కప్పు లేచును, తరిగిన దిగును. నడుమ ఆవిరికి చోటుండదు. 1920 తరువాతి దశకమున అమెరికాలో ఆరంభమైన ఈ పద్ధతివలన ఆవిరి నష్టములో నూటికి తొంబది వంతులకు పైగా తగ్గింపవచ్చును.

ఇనుప కప్పు తేలుటకు కారణము దాని అంచు చుట్టును ఉండు డొల్ల పెట్టెలు. వీటిని పాంటూనులందురు. అవి వేరువేరు గదులుగా విభజింపబడియుండును. ప్రక్కప్రక్కనున్న రెండు గదులు చిల్లిపడినను కప్పు మునుగరాదను నియమముతో వాటిని నిర్మింతురు. కప్పునకును గోడకును నడుమ సుమారు జానెడు సందు ఉండును. గోడను ఒరసికొనుచు పైకి క్రిందికి కదలు సీలు ఆ సందును మూయును. క్రిందికి దిగినప్పుడు కప్పు నిలుచుటకు కాళ్లుండును. అయితే కప్పు కాళ్లపై నిలిచిన పిదప చమురు ఇంకను తగ్గినచో అడుగున ఆవిరిచోటు మరల ఏర్పడును. అందుచే పనివారు చమురును అంతవరకు తగ్గనీయరు.

ఇక వాన సంగతి. కప్పు తెరచిన పళ్లెమువలె ఉండును గనుక పడిన నీరంతయు దానిపైననే నిలుచును. మనము చెప్పుకొనిన ట్యాంకుపై పది సెంటీమీటర్ల వాన కురిసినచో, నీటి బరువు సుమారు 280 టన్నులగును. ఆ నీటిని, చమురు మధ్యగా పోవు వంగెడి గొట్టము ద్వారా వెలికి పంపుదురు. ఆ గొట్టము చెడిన చమురు కారిపోవునని కొన్నిచోట్ల వెలుపలి కవాటమును మూసియుంచి, వాన పడినప్పుడే తెరతురు. తుపాను రాత్రి ఎవరో ఒకరు మరువక దానిని తెరవవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది. అట్టి తీరమున ఈ చిన్న పని ఎంత పెద్దదో ఊహింపవచ్చును. నీటిబరువునకు కప్పు ఒరిగి మునిగినచో, చమురంతయు గాలికి బయటపడును.

పిడుగు మరియొక శత్రువు. సీలు దగ్గర మిగిలిన కొద్ది ఆవిరికి నిప్పంటవచ్చును. అందుకై కప్పును గోడకు లోహపు పట్టీలతో కలిపి, అంచు చుట్టును నురగ చల్లు గొట్టములను అమర్చుదురు. అంచు మంటను త్వరగా ఆర్పవచ్చును; కప్పంతయు అంటుకొన్నచో కష్టము. బ్రిటనులోని మిల్‌ఫర్డ్ హేవెన్ వద్ద 1983 ఆగస్టు 30న 78 మీటర్ల వ్యాసముగల ట్యాంకు ఇట్లే మండినది. కప్పునందలి పగుళ్లగుండ పైకి ఊరిన చమురుపై, సమీపపు పొగగొట్టమునుండి నిప్పురవ్వలు పడియుండునని నిర్ణయించిరి. గంటలకొలది మండిన పిమ్మట వేడిపొర అడుగునకు దిగి, అచటి నీటిని తాకినది. నీరు ఆవిరియైనచో దాదాపు 1,700 రెట్లు పెరుగును. కాగిన నూనెలో నీటిచుక్క పడిన చిటపటను వేలరెట్లు పెంచి ఊహించుడు: మండుచున్న చమురు ఆకాశమునకు ఎగసినది. అచట ఎవ్వరును మరణింపలేదు. కాని అంతకు ముందటి యేట వెనిజులాలోని టకోవాలో, కదలని కప్పుగల చమురు ట్యాంకు ఇట్లే పొంగి, 150 మందికి పైగా ప్రాణములను బలిగొన్నది.

మన విశాఖకు కూడ ఇంధనపు మంట తెలియును. 1997 సెప్టెంబరు 14న వంటగ్యాసు వెలువడి అంటుకొనగా సుమారు 60 మంది మరణించిరి. అది తేలియాడు కప్పు దోషము కాదు. అయినను నిలువచేయు పనిలో ఏమరుపాటునకు చెల్లింపవలసిన వెల యెట్టిదో అది చూపినది. అందుకే ట్యాంకుల చుట్టు, ఒక పెద్ద ట్యాంకు పూర్తిగా పగిలినను చమురు వెలికి పోకుండ కట్టలు కట్టుదురు. దేశపు అత్యవసర నిలువకై విశాఖలో రాతిని తొలిచి, 13 లక్షల 30 వేల టన్నులు పట్టు గుహలను కూడ ఏర్పరచినారు. అచట చుట్టునున్న భూగర్భజలపు ఒత్తిడియే చమురును పట్టియుంచును.

తేలియాడు కప్పు యుక్తి సులువైనది. దాని కాపుదల సులువైనది కాదు. సీలు అరిగెనా, గదిలో నీరు చేరెనా, గొట్టము పూడెనా అని దినదినము మెట్లెక్కి చూచువారుండవలెను. మన యూరి బంకులో డీజిలు ధార పడునప్పుడు, దాని వెనుకనున్న ఆ చూపును కూడ మనము స్మరించుట న్యాయము.