పురుగును మింగే తీగకు మనిషి గండం

మొక్కను పురుగు తినడం అందరూ చూసేదే. పురుగునే మొక్క తినే వింత మేఘాలయ కొండల్లో ఉంది. గారో, ఖాసీ, జయంతియా కొండల్లో పెరిగే ఈ తీగను శాస్త్రజ్ఞులు నెపెంథిస్ ఖాసియానా అంటారు. నెపెంథిస్ కుటుంబంలో మన దేశంలో సహజంగా పెరిగేది ఇదొక్కటే. ఆకు కొసన కూజా వేలాడుతుంది గనుక కూజా మొక్క అని పిలుచుకోవచ్చు. గారోలు మాత్రం 'మెమాంగ్ కోక్సి' అంటారు. దయ్యం బుట్ట అని దాని అర్థం.

పేరు దయ్యానిదైనా, నిజానికిది పేద మొక్క. అది వేళ్లూనిన నేలలో నత్రజని తక్కువ. ఆ లోటు తీర్చుకునేందుకే ఈ ఏర్పాటు. కూజా అంచున ఊరే తీపికి చీమలు, ఈగలు వస్తాయి. అంచు నున్నన, లోపలి గోడ మైనం పూత. కాలు జారిన పురుగు అడుగునున్న రసంలో పడి మునుగుతుంది. మెల్లగా జీర్ణమైపోతుంది. పురుగు పడగానే మూత మూసుకుంటుందన్నది అపోహ. మూత వాన నీటికి గొడుగు మాత్రమే.

ఇంతటి వేటగాడికీ మనిషి నుంచి రక్షణ లేదు. బొగ్గు తవ్వకాలు, పోడు సాగు దాని చోటును తగ్గిస్తున్నాయి. అలంకారానికని, నాటు వైద్యానికని మొక్కలను పెళ్లగిస్తున్నారు. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. దగ్గరలో జోడు లేకుంటే విత్తనం కట్టదు. ఒక్క మొక్క పోయినా పక్కదాని సంతానానికి ముప్పే. పోనీ, తెచ్చినవారికైనా దక్కుతుందా అంటే, మైదానాల పొడి గాలికి కూజాలు ఎండిపోతాయి.

దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారాలో దీనికోసమే ఒక అభయారణ్యం ఉంది. దాని విస్తీర్ణం ఏడెకరాలకు మించదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ఆరు రకాల మొక్కలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. అందులో కూజా మొక్క ఒకటి. మన శేషాచలం కొండల ప్రాంతానికే పరిమితమైన సైకాస్ బెడ్డోమి మరొకటి. అనుమతి లేకుండా వీటిని అడవి నుంచి తీయడం, అమ్మడం నేరం.

టిష్యూ కల్చర్ పద్ధతిలో కూజా మొక్కను పెంచడం ప్రయోగశాలల్లో సాధ్యమైంది. ముచ్చటపడే వారికి ఆ దారి ఉండగా కొండను దోచుకోవడమెందుకు? గారో కొండల్లో గానీ, తిరుమల కొండల్లో గానీ, అరుదైన మొక్క ఉన్న చోటనే ఉంటే అందం.