పాత పికప్, నల్ల మడుగు

దామలచెరువు మామిడికాయ, మదనపల్లె టమోటా మోసే పికప్ బళ్లలో పదేళ్లు పైబడినవి కూడా రోజూ రోడ్డెక్కుతూనే ఉన్నాయి. వాటికి ఇంజన్ ఆయిల్ మార్చిన చోట తరచూ నేలమీద నల్లటి మడుగు మిగులుతుంది. పాత బండి గదా, ఆ మాత్రం కారక తప్పదంటారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. మడుగుకు ఇంజన్ వయసు కన్నా బోల్టు విప్పే పద్ధతే ఎక్కువ కారణం. చాలా బళ్లలో డ్రెయిన్ బోల్టు ఆయిల్ చాంబర్ పక్కగోడకు ఉంటుంది. అది ఊడగానే పైనున్న ఆయిల్ బరువుకు ధార వంపు తిరిగి దూరంగా దూకుతుంది. లోపల మట్టం తగ్గేకొద్దీ వెనక్కి జరుగుతూ, చివరికి కన్నం కిందే చుక్కలుగా రాలుతుంది. టబ్బును సరిగ్గా బోల్టు కిందే పెట్టి వదిలేస్తే మొదటి ధార నేలపాలే. దాన్ని ముందు ధార దూకే వైపు పెట్టి, తర్వాత వెనక్కి లాక్కోవాలి. గాలికి సన్నధార చెదురుతుంది కాబట్టి టబ్బును ఇటుకలమీద ఎత్తి పెడితే ఇంకా మేలు.

ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగితే ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగుతుంది, చెయ్యి కాలదు. బోల్టును లోపలికి నొక్కిపట్టి తిప్పుతూ, చివరి మర వదిలాక ఒక్కసారిగా పక్కకు తీయాలి. (బండిని ఒట్టి జాకీమీద ఎత్తి దాని కింద దూరడం మాత్రం ఎన్నడూ చేయరాదు.) అసలు చిక్కు ఫిల్టర్ దగ్గర. అది పక్కవాటంగా ఉన్న బళ్లలో వదులు చేయగానే ఆయిల్ ఛాసిస్ మీదుగా పారి, ఆ తర్వాత రోజులతరబడి చుక్కలు రాలుస్తుంది. దాన్ని చూసి ఇంజన్ లీకనుకుంటారు! నిలువునా కోసిన నీళ్ల సీసాను ఫిల్టర్ కింద దోనెలా పెడితే ఆ బాధ ఉండదు. పాత ఫిల్టర్ రబ్బరు వాషర్ ఇంజన్‌కే అతుక్కుపోయిందేమో తడిమి చూడాలి. దానిమీదే కొత్తది బిగిస్తే ఆయిల్ మొత్తం రోడ్డుమీద చిమ్మే ప్రమాదముంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తది వేయాలి. నలిగినదాన్ని ఆపాలని బలంగా బిగిస్తే మరలు చెడతాయి, అప్పుడు మొదలయ్యేదే నిజమైన లీకు.

రోజుకు పది బళ్లు చూసే షెడ్డులో ఇంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. కానీ మడుగుమీద ఇసుక చల్లి ఊడ్చడానికి పట్టే సమయం ఇంతకన్నా ఎక్కువే. డిప్‌స్టిక్ గొట్టం గుండా పంపుతో లాగేస్తే సరిపోదా అంటే, గొట్టం చాంబర్ అడుగు దాకా అందని బళ్లలో మడ్డి అక్కడే ఉండిపోతుంది. పాత ఇంజన్‌లో పోవలసింది ముందుగా ఆ మడ్డే. వేస్ట్ ఆయిల్ సెంట్రింగ్ రేకులకు పూస్తున్నారు, పారేయడం లేదు గదా అన్న వాదనా ఉంది. ఆ పూసింది వానకు కడుక్కుపోయి మట్టిలోకే చేరుతుంది. అందులో మసి, అరిగిన లోహాల పొడి, కేన్సర్ తెచ్చే రసాయనాలు ఉంటాయి. బోరు నీళ్లే తాగి, బోరు నీళ్లతోనే పండించుకునే సీమలో ఇది చిన్న సంగతి కాదు. వాడిన ఆయిల్‌ను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టాయి. 2023 సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత ఆయిల్ తయారీ, దిగుమతి కంపెనీలమీద పడింది. శుద్ధిచేస్తే అది మళ్లీ ఆయిల్‌గా పనికొస్తుంది. అయితే నీళ్లు, కూలెంట్, పెట్రోలు కలిస్తే శుద్ధి కష్టం. అందుకని టబ్బులో పట్టినదాన్ని విడిగా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు చేరవేసే షెడ్డుకే ఇవ్వాలి.