ట్రాక్టర్‌ని వెనక ముందుగా ఎందుకు మారుస్తారు? ఎలా?

హైదరాబాద్‌లోని నాగోల్, ఉప్పల్ చుట్టూ ఇళ్లు కట్టేచోట ఇసుక, కంకర ఎత్తిపోసే లోడర్లు కనిపిస్తాయి. 1953లో జేసీబీ కంపెనీ తెచ్చిన బ్యాక్‌హో లోడర్ కూడా ట్రాక్టర్ నుంచి పుట్టిందే. అమెరికాలోనైతే పాత ట్రాక్టర్లను వెనక ముందుగా తిప్పి మరీ లోడర్లు చేసుకున్నారు.

ఎందుకు?

మామూలు ట్రాక్టర్ ముందు చక్రాలు చిన్నవి. ముందు బిగించిన బకెట్ నిండగానే బరువంతా వాటిమీద పడుతుంది. స్టీరింగ్ తిప్పడం కష్టమవుతుంది. ఇంజిన్ నడిపే పెద్ద చక్రాలు తేలికై, పట్టు దొరక్క ఒకేచోట తిరుగుతాయి. బకెట్‌ని పెద్ద చక్రాల వైపు పెడితే, బరువు పెరిగేకొద్దీ వాటి పట్టు పెరుగుతుంది. అవతలి చివరనున్న ఇంజిన్ తక్కెడలో రాయిలా బండిని నిలబెడుతుంది.

ఎలా?

ముందుగా సీటు, పెడల్స్, స్టీరింగ్ పెద్ద చక్రాల వైపు తిప్పుతారు. కానీ ఇప్పుడు ముందుకెళ్లడమంటే పాత లెక్కలో వెనక్కెళ్లడమే, ట్రాక్టర్‌కేమో రివర్స్ గేర్లు తక్కువ! అందుకే వెనక ఇరుసు పెట్టె విప్పి, క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కి అవతలి పక్కకి మారుస్తారు. పినియన్ ఎప్పటిలాగే తిరుగుతుంది, ఇరుసు మాత్రం ఎదురు దిశలో తిరుగుతుంది. అలా పాత ముందు గేర్లన్నీ కొత్త దిశలో పనిచేస్తాయి. అన్ని ట్రాక్టర్లలో ఇది కుదరదు.

బకెట్‌ని ఎత్తేది హైడ్రాలిక్ నూనె. పంపు దాన్ని ఒత్తిడితో సిలిండర్లలోకి తోస్తుంది.

ఇప్పుడు మలుపు తిప్పే చక్రాలు ఫోర్క్‌లిఫ్ట్‌లోలాగే వెనక ఉంటాయి. మలుపులో బండి వెనక భాగం బయటికి ఊగుతుంది. కాబట్టి పనిచేసే లోడర్‌ని ఎప్పుడూ దూరం నుంచే చూడండి.