మెట్ల కింద వంకర మూలలో వాషింగ్ మెషిన్

మార్కాపురంలో మా ఇంటి మెట్ల కింద మూడు మూలల చోటుంది. పాత సామాన్లన్నీ తీసేసి, అక్కడే బట్టలుతికే గది చేశాం.

ముందు టేపు పట్టండి. మెషిన్ ఎత్తు ఒక్కటే కాదు, మూత తెరిస్తే ఎంతొస్తుందో కొలవండి. మా టాప్ లోడ్‌ని ఎత్తున్న వైపు పెట్టాం. పైకప్పు కిందికి దిగే వైపు మాసిన బట్టల బుట్ట, సర్ఫు డబ్బాలు. కింద మన ఊరి పలకరాయే, తడికి జారకుండా గరుకుది. నీళ్లు నిలవకుండా తూము వైపు వాలు ఇచ్చాం.

అసలు సంగతి నీళ్లు. మాది బోరు, డ్రమ్ముకి తెల్లగా ఉప్పు పడుతుంది. నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి, బట్టల్లేకుండా వేడినీళ్లతో తిప్పుతాం. ఎండాకాలం ట్యాంకరే గతి. అందుకే ఆఖర్న జాడించిన నీళ్లు పీపాలోకి పట్టి బాత్రూం కడుగుతాం. మెషిన్‌లో డ్రెయిన్ పంపు ఉంటేనే నీళ్లు పీపాలోకి ఎక్కుతాయి, కొనేముందే అడగండి.

మా అమ్మ ఇప్పుడు ఆ బిందెలు మోయట్లేదు. నాకది చాలు!