టోకు వర్తకుని బలము ఎచ్చట నున్నది?

మన రాయపురమునకు సమీపమున, జార్జిటౌనులో, గోడౌను వీథి గలదు. బట్టల టోకు వర్తకమునకు ఆ వీథి చిరకాలముగ ప్రసిద్ధము. మన బడి పిల్లల తల్లిదండ్రులలో ఇట్టి కొట్లలో లెక్కలు వ్రాయువారును, అచ్చటి సరకు తెచ్చి చిల్లరగా నమ్ముకొనువారును ఉండవచ్చును. కొలువునకు గాని, అరువునకు గాని ఒక సంస్థను నమ్మునపుడు దాని బలము నెట్లు తెలిసికొనవలెనో యోచింపుదము.

మిల్లునకు యంత్రములు గలవు, భవనములు గలవు. టోకు వర్తకునకు గిడ్డంగి సైతము తరచుగా అద్దెదే. వాని ఆస్తి యంతయు కదలుచుండునది: పెట్టెలోని రొక్కము, బ్యాంకులోని నిల్వ, గిడ్డంగిలోని సరకు, చిల్లర వర్తకులవలన రావలసిన బాకీలు. ఒక సంవత్సరము లోపల, లేక ఒక వ్యాపార చక్రము లోపల, రొక్కముగా మారగల యీ యాస్తులకే ప్రస్తుత ఆస్తులని పేరు. మిల్లులకు చెల్లింపవలసిన సొమ్ము, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు, పన్నులు మున్నగునవి ప్రస్తుత అప్పులు. మొదటిది రెండవదానికి రెండింతలున్న క్షేమమని పాత లెక్క. ఈ లెక్కను గుడ్డిగా నమ్మరాదని మా యభిప్రాయము. కాశిమేడు రేవున తెల్లవారుజామున కొన్న చేపలు ప్రొద్దెక్కక మునుపే అమ్ముడగును; అట్టి వర్తకునకు రెండింతలు లేకున్నను బాధ లేదు. దీపావళికై నెలల ముందు బట్టలు నింపుకొను వర్తకుని సంగతి వేరు.

ఊహకొరకు రెండు కొట్లను తీసికొందము. రెంటికిని ప్రస్తుత ఆస్తులు 20 లక్షలు, ప్రస్తుత అప్పులు 10 లక్షలు. మొదటి కొట్టున రొక్కము 4 లక్షలు, బాకీలు 9 లక్షలు, సరకు 7 లక్షలు. రెండవదానిలో రొక్కము అర లక్ష మాత్రమే. బాకీలు పదకొండున్నర లక్షలు, సరకు 8 లక్షలు. సరకును తీసివైచి చూచు కఠినమైన పరీక్ష యొకటి గలదు. దాని ప్రకారము మొదటివానికి 13 లక్షలు, రెండవవానికి 12 లక్షలు మిగులును. ఇద్దరును గట్టివారే యనిపించును! కాని రెండవవాని బాకీలలో 6 లక్షలు ఏడాది దాటినవి. సరకులో సగము క్రిందటి దీపావళికి మిగిలిన చీరలు. మిల్లువారు 10 లక్షలడిగిననాడు వాని చేతికి వెంటనే వచ్చునది 6 లక్షలే.

కాబట్టి మొత్తముకన్న వయస్సు ముఖ్యము. 2021 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు తమ రావలసిన బాకీలను ఆరు నెలల లోపలివి, సంవత్సరము లోపలివి, అంతకు మించి మూడేండ్లు దాటినవి వఱకును విడదీసి చూపవలెనని నిబంధన వచ్చినది. ఆస్తి అప్పుల పట్టీలో మేము మొదట చూడగోరునది ఆ పుటయే. సరకును కొన్న ధర, అమ్మిన రాదగిన ధర, ఈ రెంటిలో తక్కువదానికే కట్టవలెను. పాత చీరలకు కొన్న ధరయే వేసికొన్నచో పట్టీ నిజము చెప్పదు.

ఈ సూత్రమును మరచిన ఫలమును మదరాసు ఒకమారు చూచినది. ఆర్బత్నాటు కంపెనీ టోకు కొట్టు కాదు, వర్తకముతోపాటు ప్రజల డిపాజిట్లు పుచ్చుకొను గొప్ప సంస్థ. అడిగినపుడు తిరిగి యీయవలసిన సొమ్ము దూరదేశపు వ్యాపారములలో చిక్కుకొనెను. 1906 అక్టోబరు 22న కంపెనీ మూతపడెను. ఎందరో తాము కూడబెట్టినది పోగొట్టుకొనిరి. దాని భాగస్వామి సర్ జార్జి ఆర్బత్నాటునకు 18 నెలల కఠిన శిక్ష పడినది. ఆ మరుసటి యేడే వి. కృష్ణస్వామి అయ్యరుగారి పూనికతో ఇండియన్ బ్యాంకు స్థాపితమయ్యెను.

రిజిస్టరు కంపెనీల పట్టీలను స్వల్ప రుసుముతో చూడవచ్చును. భాగస్వామ్యపు కొట్లవి మనకు దొరకవు. అట్టిచోట మిల్లు బిల్లులు వాయిదా దాటక చెల్లుచున్నవా, పండుగ సరకు పండుగకే ఖాళీ యగుచున్నదా యని అచ్చటి గుమాస్తాను మెల్లగా అడిగినను చాలవఱకు తెలియును.