మీకు తెలుసా? కామాటిపురా జొన్నరొట్టె కథ

బొంబాయి దీవుల మధ్యకు సముద్రపు నీరు రాకుండా అడ్డుకున్న హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట 1784 ప్రాంతంలో పూర్తయ్యాక ఎండిన పల్లపు నేలల్లోనే, నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగు కూలీలు, అంటే కామాటీలు, స్థిరపడడంతో కామాటిపురా అనే పేట ఏర్పడింది. 1854లో తాడ్‌దేవ్‌లో మొదలైన బట్టల మిల్లు పరిశ్రమ విస్తరించేకొద్దీ నేత వృత్తివారైన తెలంగాణ పద్మశాలీలు కూడా నగరానికి చేరారు.

వీరి స్వస్థలాల ప్రధానాహారమైన జొన్న ఆఫ్రికాలో, నేటి సూడాన్ ప్రాంతంలో, సుమారు 5,000 ఏళ్ల క్రితమే సాగులోకి వచ్చిన ధాన్యం. గోధుమ పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తుల అల్లిక జొన్నలో ఉండదు కనుక, పిండిని మరిగే నీటితో కలుపుతారు. ఆ వేడికి పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి జిగురుగా మారడం వల్లనే ముద్ద విరగకుండా అరచేతి కింద పలుచని రొట్టెగా విచ్చుకుంటుంది. రసాయనశాస్త్రం ఈ మార్పుకు పేరు పెట్టకముందే పల్లె స్త్రీలు దానిని సాధించారన్నది గౌరవంతో గుర్తించవలసిన విషయం. దక్కన్ పీఠభూమి నుంచి వచ్చిన మరాఠీ కార్మికుల భాకరీ కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది కనుక, మిల్లు కార్మికులకు భాషలు వేరైనా రొట్టె ఒక్కటే అయింది.

ముంబైలోని తెలంగాణ కుటుంబాలు నేటికీ బతుకమ్మ ఆడతాయి. ఆ పండుగ నైవేద్యాల్లో రొట్టెలను నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముఖ్యమైనది.